బాంబ్‌షెల్: ఇనుప గుండు వార్త ఎలా అయింది?

#1 పదపేటిక

ఇంగ్లీషు పత్రికల్లో రోజుకొకసారైనా కనిపించే మాట ‘బాంబ్‌షెల్’. బాంబ్‌షెల్ రిపోర్టు, బాంబ్‌షెల్ ప్రకటన, ఫలానా నాయకుడు బాంబ్‌షెల్ వేశాడు. నిఘంటువులేమో ‘దిగ్భ్రాంతికరమైన వార్త’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. కొన్ని అనువాదాల్లో ‘బాంబు గుల్ల’, ‘బాంబు పెంకు’ అని వస్తోంది. చదువుతుంటే ఎవరో బాంబును ఒలుచుకు తిని తొక్క పారేసినట్టుంది.

తేలాల్సినవి మూడు. ఈ ‘షెల్’ దేని షెల్? యుద్ధంలో వాడే వస్తువు వార్తకు పేరెప్పుడైంది? తెలుగులో ఎక్కడ ‘బాంబు’ అనాలి, ఎక్కడ ‘పిడుగు’ అనాలి? ఆయుధాల సంగతి తెలిసినవాళ్లూ పత్రికల్లో పనిచేసేవాళ్లూ చెప్పండి.

#2 మందుగుండు

ముందు వస్తువేమిటో చూద్దాం. అది కళ్లకు కట్టకపోతే మాట అర్థం కాదు.

పాత ఫిరంగి గుండు గట్టి ఇనుప ముద్ద. పేలదు. వేగంగా వచ్చి గోడను కొడుతుంది, అంతే. బాంబ్‌షెల్ అలా కాదు. లోపల డొల్లగా పోత పోసిన ఇనుప గోళం. మట్టితోనో ఇసుకతోనో ఒక ఉండ చేసి అచ్చు మధ్యలో నిలబెట్టి, చుట్టూ కరిగిన ఇనుము పోసేవాళ్లు. చల్లారాక పైనున్న చిన్న కంతలోంచి ఆ మట్టిని గోకి తీసేస్తే గుల్ల మిగులుతుంది. ‘షెల్’ అంటే ఈ గుల్లే. దాని నిండా తుపాకీ మందు పోస్తారు (సురేకారం 75, బొగ్గు 15, గంధకం 10 పాళ్లలో). ఆ కంతలో చెక్కతో చేసిన ఫ్యూజు దిగ్గొడతారు. అది బోలుగా ఉన్న చెక్క బిరడా, లోపల నిదానంగా కాలే మందు కూరి ఉంటుంది. మన చిచ్చుబుడ్డిని ఇనుముతో చేసి, మూతి బిగించి, వత్తి పెట్టారనుకోండి. దాదాపు అదే.

దీన్ని మామూలు ఫిరంగిలో పెట్టి కాల్చేవాళ్లు కాదు. మోర్టారు అనే పొట్టి, వెడల్పు మూతి గొట్టం ఉండేది. రోలులా ఉంటుంది. ఇంగ్లీషులో మోర్టార్ అంటే రోలే, ఆ పోలికతోనే పేరు పెట్టారు. దాన్ని ఇంచుమించు 45 డిగ్రీలకు ఎత్తి పేలిస్తే గుండు ఆకాశంలోకి లేచి, గోడ మీదుగా దాటి, కోట లోపల నడిమధ్యన పడుతుంది.

ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి. మాటకున్న అర్థమంతా అందులోనే ఉంది. గట్టి గుండు గోడను కొడుతుంది. బాంబ్‌షెల్ గోడను పట్టించుకోదు. గోడ ఉంది కదా అని నిశ్చింతగా కూర్చున్నవాళ్ల మధ్యకు వచ్చి పడుతుంది.

#3 గోదారిగట్టు

గుండు గాల్లో ఉండగా ఫ్యూజు కాలిపోతే? కిందపడ్డాక ఆరిపోతే?

#4 మందుగుండు

రెండూ జరిగేవండీ. తరచుగానే.

13 అంగుళాల మోర్టారు గుండు బరువు 85 నుంచి 90 కిలోలు. నాలుగు వేల గజాల దూరం పోవాలంటే గాల్లో సుమారు అర నిమిషం ఉంటుంది. ఇది లెక్క కట్టి చూడొచ్చు: 45 డిగ్రీల కోణంలో 3,700 మీటర్ల దూరానికి సెకనుకు 190 మీటర్ల వేగం కావాలి, ఆ లెక్కన గాల్లో ఉండేది 27 సెకన్లు, గాలి ఒరిపిడి కలుపుకుంటే ఇంకొంచెం తేడా. అందుకని ఫ్యూజును కూడా దూరాన్ని బట్టి కోసి పొడవు సరిచేసేవాళ్లు. పొట్టిగా కోస్తే గుండు గాల్లోనే పేలుతుంది. పొడుగ్గా కోస్తే నేల మీద బుస్సుమంటూ కాలుతూ పడుంటుంది, ఆలోగా జనం పారిపోతారు, గుండె దిటవున్న సిపాయి నీళ్లు పోసి ఆర్పేస్తాడు. దిగ్గొట్టేటప్పుడు చెక్క చీలితే నిప్పు ఒక్కసారిగా లోపలికి దిగి మోర్టారులోనే పేలుతుంది. పోతలో మట్టి ఉండ పక్కకు జరిగితే గుల్ల ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా వస్తుంది, అది తిన్నగా పోదు.

తొలినాళ్లలో ఇంకో ప్రమాదం ఉండేది. ముందు గుండు ఫ్యూజుకు, వెంటనే మోర్టారు మందుకు, విడివిడిగా రెండు నిప్పులు పెట్టేవాళ్లు. మొదటిది అంటుకుని రెండోది తుస్సుమంటే ఇక చెప్పేదేముంది. తర్వాత తెలిసిందేమంటే, మోర్టారు పేలినప్పుడు వచ్చే మంటే గుండు చుట్టూ ఉన్న సందులోంచి పాకి ఫ్యూజును అంటిస్తుందని. దాంతో ఒక నిప్పు చాలింది.

గుండ్లు గాల్లో పేలడమూ, పడ్డాక పేలకపోవడమూ ఒకేచోట కనిపించిన యుద్ధం 1814 సెప్టెంబరు 13, 14 తేదీల్లో అమెరికాలోని బాల్టిమోర్ దగ్గర జరిగింది. బ్రిటిష్ బాంబు ఓడలు రెండు మైళ్ల దూరాన, కోట ఫిరంగులకు అందని చోట నిలబడి మెక్‌హెన్రీ కోట మీద ఇరవై నాలుగు గంటలకు పైగా గుండ్లు కురిపించాయి. వెయ్యిన్నర దాకా వేసినా కోటలో చనిపోయినవాళ్లు నలుగురు. చాలావరకు గాల్లోనే పేలిపోయాయి. ఒకటి సరాసరి మందుగుండు కొట్టు మీద పడింది కానీ పేలలేదు, పేలి ఉంటే కథ వేరేగా ఉండేది. అమెరికా జాతీయ గీతంలో గాల్లో పేలే బాంబులంటే ఇవే. అదే పాదంలో ఉన్న ఎర్రటి రాకెట్ల వెలుగు కాంగ్రీవ్ రాకెట్లది. వాటి పుట్టుకలో మన దక్షిణాది వాటా ఉంది: హైదరలీ, టిప్పుల ఇనుప గొట్టాల రాకెట్లను 1799లో శ్రీరంగపట్నం పడ్డాక ఇంగ్లండుకు పట్టుకుపోయి పరిశీలించాకే కాంగ్రీవ్ తనవి చేశాడు. చర్చకు సంబంధం లేదు, తోచి చెప్పాను.

#5 వ్యుత్పత్తి

వస్తువు మందుగుండు గారు చూపించారు కాబట్టి నేను పేర్ల సంగతి చెబుతాను.

‘బాంబ్’ గ్రీకు నుంచి వచ్చింది. ‘బొంబోస్’ అంటే బొంగురుగా, గంభీరంగా మోగే చప్పుడు. తేనెటీగల రొదనూ అలాగే అనేవాళ్లు. అది లాటిన్‌లో ‘బొంబుస్’, ఇటాలియన్‌లో ‘బొంబా’, ఫ్రెంచిలో ‘బోంబ్’ అయి 16వ శతాబ్దం చివర ఇంగ్లీషుకు చేరింది. మన ‘ఢాం’, ‘ధన్’ లాంటి ధ్వన్యనుకరణే. పెద్ద తుమ్మెదల్లాంటి బంబుల్ బీ ఈగలకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కూడా బొంబుస్. అంటే బాంబూ ఆ ఈగా ఒకే తల్లి పిల్లలు, ఒకటి పేలుతుంది, ఒకటి ఝుమ్మంటుంది.

‘షెల్’ అచ్చ ఇంగ్లీషు మాట. గుడ్డు పెంకు, నత్త గుల్ల, ఆల్చిప్ప, కాయ డిప్ప, అన్నిటికీ అదే. ఆయుధాల్లోకి 17వ శతాబ్దం నడిమి కాలంలో వచ్చింది, మొదట చేతితో విసిరే గ్రెనేడు గుల్లకు. ఆ గ్రెనేడు పేరు దానిమ్మ నుంచి వచ్చింది. గుండ్రంగా ఉండి, లోపల గింజల్లాంటి మందు ఉంటుంది కదా. కాబట్టి పండు పేరుతో ఒకటి, పెంకు పేరుతో ఒకటి.

రెండూ కలిసి ‘బాంబ్-షెల్’ 18వ శతాబ్దం తొలి పదేళ్లలోనే ఇంగ్లీషు రాతల్లో ఉంది. 1708 అని చూపిస్తారు. అప్పట్లో మధ్యన గీత పెట్టి రాసేవాళ్లు, ఇప్పుడు ఒకే మాట. ఉచ్చారణలో రెండో ‘బ’ పలకదు, ‘బామ్‌షెల్’ అంటారు. మనం ‘బాంబు’లో రెండో బకారాన్ని నిక్షేపంగా పలుకుతాం, తెలుగు లిపిలో ‘బాంబ్‌షెల్’ అని రాయడంలో తప్పేం లేదు.

#6 బూరుగుపూలు

‘బాంబాస్టిక్’ కూడా దీంట్లోంచే వచ్చిందా? పెద్ద పెద్ద మాటలు పేల్చేవాణ్ని బాంబాస్టిక్ అంటారు కదా, పేలుడే అనుకుంటున్నా.

#7 వ్యుత్పత్తి

కాదు. ఇక్కడే అందరూ జారిపడతారు. ‘బాంబాస్ట్’ అంటే మొదట్లో బట్టల్లో కుక్కే దూది. చొక్కా భుజాలూ ఛాతీ ఉబ్బెత్తుగా కనబడాలని లోపల దూది దట్టించేవాళ్లు, దాని పేరు అది. ఉబ్బించి చెప్పే మాటకు తర్వాత అదే పేరొచ్చింది. దాని మూలం దూదికీ పట్టుకూ సంబంధించిన మధ్యయుగ లాటిన్ మాట ‘బొంబాక్స్’, పేలుడు కాదు. మీ పేరులోనే జవాబుంది: బూరుగు చెట్టు శాస్త్రీయ నామం ‘బాంబాక్స్ సీబా’. బూరుగు దూది దిండ్లలో నింపుతాం, బాంబాస్టు ప్రసంగాల్లో నింపుతారు.

బొంబాయికీ బాంబుకూ కూడా చుట్టరికం లేదు, అడగబోతున్నవాళ్లకు ముందే చెబుతున్నా.

#8 బూరుగుపూలు

దిండు పోలిక బాగుంది. తప్పు ఒప్పుకుంటున్నా.

#9 పదపేటిక

వ్యుత్పత్తి గారూ, గుండు నుంచి వార్తకు ఎప్పుడు దాటింది?

#10 వ్యుత్పత్తి

19వ శతాబ్దం నడిమికల్లా స్థిరపడింది. నిఘంటువులు 1860 ప్రాంతపు వాడుకల్ని చూపిస్తాయి. అయితే సంవత్సరం కన్నా వాక్యం ఎలా ఉండేదో చూడండి. అప్పట్లో ‘ఆ ఉత్తరం బాంబ్‌షెల్‌లా పడింది’, ‘ఆ వార్త బాంబ్‌షెల్‌లా పేలింది’ అని రాసేవాళ్లు. అది ఉపమ. ఉత్తరం వేరు, గుండు వేరు, మధ్యన ‘లా’ ఉంది. పడేది కూడా దానంతట అదే. తర్వాత ‘లా’ ఊడిపోయింది, వార్తే బాంబ్‌షెల్ అయింది. ఇంకొన్నాళ్లకు కర్త కూడా వచ్చాడు: ‘ఆయన బాంబ్‌షెల్ వేశాడు’. ఈ రోజు ఇంగ్లీషులో ఎక్కువగా వినబడేది ఇదే.

అంటే మొదట పడింది, తర్వాత వేశారు. ‘ఎవరు వేశారు’ అన్న ప్రశ్న కొత్తగా చేరింది. తెలుగులో ఏ మాట పెట్టాలన్నది తేలేది ఇక్కడే అని నా లెక్క.

ఫ్రెంచివాళ్లు ‘బాంబు చేసినంత పని చేసింది’ అంటారు. జర్మన్లు ‘ఆ వార్త బాంబులా వచ్చి తగిలింది’ అంటారు. ఇద్దరిదీ ఇంకా ఉపమే.

#11 కావేరితీరం

మా పక్కన తమిళంలో ‘గుండెత్తి పడేశాడు’ అంటారు, ‘తల మీద గుండెత్తి వేశాడు’ అని కూడా. తమిళంలో గుండు అంటే బాంబు కూడా. అక్కడ మొదటినుంచీ కర్త ఉన్నాడు, వార్త దానంతట పడదు, ఎవడో ఒకడు ఎత్తి పడేస్తాడు. చెన్నైలో తెలుగువాళ్లు కూడా మాటల్లో ‘పెద్ద గుండేశాడు’ అనేస్తారు. కోస్తాలో అంటే గుండు గీయించుకున్నాడనుకుంటారు.

#12 డెస్కుచీటీ

పత్రికల వాడుక నేను చెబుతాను. కొంచెం పెద్దది.

ఇంగ్లీషులో బాంబ్‌షెల్ అనిపించుకోవాలంటే మూడు ఉండాలి. ఒకటి, అదొక వెల్లడి కావాలి: ఎవరో చెప్పారు, ఏదో కాగితం బయటపడింది, ఎవరో ప్రకటించారు. రెండు, విన్నవాళ్లకు ముందు అనుమానం ఉండకూడదు. మూడు, ఆ మాట తర్వాత పరిస్థితి మారిపోవాలి. భూకంపం బాంబ్‌షెల్ కాదు. రైలు ప్రమాదం కాదు. ఎంత ఘోరమైనా కాదు. అవి షాకింగ్ వార్తలు, అంతవరకే. మన అనువాదాల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే, రెండిటినీ ‘దిగ్భ్రాంతికరం’ అనే ఒకే సంచిలో వేస్తారు.

బళ్లో చెప్పాల్సిన ఉదాహరణ వాటర్‌గేట్, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పదవికి ఎసరు పెట్టిన కుంభకోణం. 1973 జులై 16న సెనేట్ కమిటీ ముందు అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ అనే అధికారి, అధ్యక్షుడి గదిలో మాటలన్నీ రికార్డయ్యే ఏర్పాటు ఉందని చెప్పాడు. అడిగారు, ఉందన్నాడు. కేకల్లేవు, ఆవేశం లేదు. ఆ ఒక్క జవాబుతో విచారణ దారే మారిపోయింది. తర్వాతి ఏడాది పోరాటమంతా ఆ టేపుల కోసమే.

మనకు దగ్గర్లోది ‘సత్యం’ కంప్యూటర్స్ కంపెనీ కథ. 2009 జనవరి 7. హైదరాబాదులో కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు డైరెక్టర్ల బోర్డుకు ఉత్తరం రాశారు, ఖాతాల్లో చూపించిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని. పులి మీద స్వారీ పోలిక ఆ ఉత్తరంలోదే. షేరు ఆ ఒక్కరోజే 75 శాతానికి పైగా పడిపోయింది. 19వ శతాబ్దపు ఇంగ్లీషు వాక్యం దీనికి అతికినట్టు సరిపోతుంది: ఉత్తరం బాంబ్‌షెల్‌లా పడింది. ఉత్తరం కూడా గోడ దాటే వస్తువే కదా.

ఇప్పుడు తెలుగు. ‘బాంబు పేల్చారు’ అని రాయాలంటే పేల్చిన మనిషి ఉండాలి, నోరు విప్పి ఉండాలి. ‘పిడుగులాంటి వార్త’ అంటే విన్నవాళ్ల వైపు నుంచి చెబుతున్నాం, వేసినవాడి ప్రసక్తి లేదు. పాతకాలం వాళ్లు దీన్నే ‘అశనిపాతం’ అని రాసేవాళ్లు, అశని అంటే పిడుగు, పాతం అంటే పడటం. ‘గుట్టు రట్టు’ రహస్యం బయటపడ్డప్పుడు. ‘కలకలం’, ‘దుమారం’ పేలుడు కాదు, పేలుడు తర్వాత లేచే దుమ్ము. ‘బాంబ్‌షెల్ రిపోర్టు’ వచ్చిన మొదటిరోజే ‘దుమారం’ అని రాస్తే రేపు రాయడానికి మాట మిగలదు. ‘సంచలన’ సంగతి అడక్కండి, దాన్ని వాడి వాడి అరిగిన చీపురు చేశాం. సంచలనం అంటే కదలిక. ఇప్పుడు ఆ మాట చూసి కదిలేవాడు లేడు.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. హెడ్డింగులో బాంబు అన్న మాటకు కొటేషన్ గుర్తులు తప్పనిసరి. ‘నగరంలో బాంబు పేల్చిన మాజీ మంత్రి’ అని గుర్తుల్లేకుండా రాసి చూడండి. నిజంగా పేలుళ్లు చూసిన ఊళ్లలో చదివేవాడి గుండె ఆగుతుంది, ఆపైన పోలీసులు ఫోన్ చేస్తారు. ఊరి పేరు, బాంబు ఒకే వరసలో రాకూడదు. ‘రాజీనామా బాంబు’, ‘లేఖాస్త్రం’ లాగా పక్కన ఏదో ఒక మాట కట్టేస్తే గొడవ లేదు.

#13 గోదారిగట్టు

మీ మూడు లక్షణాల్లో ‘చెడ్డ వార్త’ అన్నది లేదు. మరిచిపోయారా, కావాలనే వదిలేశారా?

#14 డెస్కుచీటీ

కావాలనే.

#15 ఓరుగల్లు

మంచి ప్రశ్న, దానికి ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2009 డిసెంబరు 9 రాత్రి, దాదాపు అర్ధరాత్రి వేళ ఢిల్లీలో హోంమంత్రి చిదంబరం తెలంగాణ రాష్ట్రం ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించారు. ఇంగ్లీషులో అది నిక్కమైన బాంబ్‌షెల్: ప్రకటన, ఎదురుచూడని వేళ, ఆపైన అన్నీ మారిపోవడం. కానీ తెలుగులో ఒకే మాట పెట్టలేరు. ఒకవైపు అది పండగ. ఇంకోవైపు పిడుగు. ‘పిడుగులాంటి వార్త’ అని రాసిన క్షణాన రాసినవాడు ఏ వైపున నిలబడి ఉన్నాడో తెలిసిపోతుంది. ఇంగ్లీషు మాటకు ఆ ఇబ్బంది లేదు, అది పడ్డ చోటు గురించే చెబుతుంది, పడినందుకు ఏడ్చారా నవ్వారా అన్నది చెప్పదు.

#16 డెస్కుచీటీ

ఒప్పుకుంటా. ఇంకో మాట. 2016 నవంబరు 8 రాత్రి 8 గంటలకు 500, 1000 నోట్ల రద్దు ప్రకటన కూడా అలాంటిదే. దానికి ‘పిడుగు’ అనీ రాశారు, ‘బాంబు’ అనీ రాశారు, ‘మెరుపు దాడి’ అనీ రాశారు. నల్లధనం మీద మెరుపు దాడి, జనం నెత్తిన పిడుగు. మూడు మాటలు, మూడు పక్షాలు. అందుకే ఏజెన్సీ కాపీలో బాంబ్‌షెల్ అని ఉంటే ఎటూ మొగ్గకుండా ‘అనూహ్య ప్రకటన’ అని రాసి, రంగును హెడ్డింగుకు వదిలేయడం మంచిది. చప్పగా ఉంటుంది నిజమే. చప్పదనం కొన్నిసార్లు కావాలి.

#17 మందుగుండు

‘నెత్తిన’ అన్నారు కాబట్టి ఒక చిన్న సవరణ. మోర్టారు గుండు నెత్తినే పడాలని ఎవరూ అనుకునేవాళ్లు కాదు. దగ్గర్లో పడి ముక్కలు ఎగిరితే చాలు. చంపేది గుల్ల ముక్కలే, మందు కాదు. షెల్ అన్న మాటకు బరువు అక్కడుంది. లోపలి మందుకు అంత బలం రావడానికి కూడా గుల్లే కారణం. తుపాకీ మందును నేల మీద పోసి అంటిస్తే భగ్గుమని మండి పోతుంది, పెద్దగా చప్పుడు కూడా రాదు. బిగించి మూస్తేనే పేలుడు. ఉల్లిపాయ బాంబుకు పురికొస గట్టిగా చుట్టేది అందుకే.

వార్తకూ ఇదే వర్తిస్తుందని చెప్పడానికి నేను భాషా పండితుణ్ని కాదు గానీ, అందరికీ ముందే కొంచెం కొంచెం లీకైన సంగతి చివర్లో ప్రకటిస్తే ఎవరూ ఉలిక్కిపడరు. గుల్ల పగిలిపోయింది, మందు కారిపోయింది.

#18 పదపేటిక

అలాంటిదానికి ఇంగ్లీషులో ‘డ్యాంప్ స్క్విబ్’ అంటారు కదా?

#19 వ్యుత్పత్తి

కొంచెం తేడా ఉంది. స్క్విబ్ అంటే చిన్న టపాకాయ, డ్యాంప్ స్క్విబ్ అంటే తడిసిన టపాకాయ. పెద్దగా ఊరించి చివరికి పేలనిది. ‘తుస్సుమంది’ దానికి పుట్టిన తెలుగు. ‘తుస్సుమన్న బాంబు’ హెడ్డింగుల్లో చూస్తుంటాం, చక్కగా అతుకుతుంది.

పనిలో పని, ఈ ఇంట్లోనే ఉన్న మిగతా మాటల్లో పొరపాట్లు పడేవి చెబుతాను. ‘బాంబ్’ ఒక్కటే వచ్చి సినిమా గురించో నాటకం గురించో అయితే అమెరికాలో అట్టర్ ఫ్లాప్ అని అర్థం. బ్రిటన్‌లో ‘బాంబులా పోయింది’ అంటే బ్రహ్మాండంగా ఆడిందని. ఒకే మాట, సముద్రం దాటితే తిరగబడుతుంది. ‘సినిమా బాంబ్ అయింది’ అన్న అమెరికన్ వాక్యాన్ని ‘బాక్సాఫీసు దగ్గర బాంబులా పేలింది’ అని తర్జుమా చేస్తే నిర్మాత సంతోషిస్తాడేమో గానీ అది తప్పు. ‘బ్లాక్‌బస్టర్’ ఇంకా ఆసక్తికరం. 1942 ప్రాంతంలో బ్రిటిష్ వైమానిక దళం జర్మన్ నగరాల మీద వేసిన 4,000 పౌండ్ల బాంబులకు పత్రికలు పెట్టిన పేరు, ఒక్కటి పడితే వీధికి వీధి నేలమట్టం అని. యుద్ధం ముగియకముందే సినిమా ప్రకటనల్లోకి ఎక్కింది. మన హైదరాబాదు పోస్టర్ల మీద ఆ మాట చూసి బాంబు గుర్తొచ్చేవాళ్లు ఎవరూ లేరు.

‘షెల్ షాక్’ మాత్రం ఈ షెల్‌దే. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో వైద్య పత్రికకెక్కింది. దీన్ని వార్తకు వాడొద్దు, అది మనిషి స్థితి. విన్న మాట బాంబ్‌షెల్, విన్నాక కొయ్యబారిపోయినవాడు షెల్ షాక్ తిన్నవాడు.

‘షాక్’ కూడా యుద్ధపు మాటే. 16వ శతాబ్దంలో రెండు సేనలు ఎదురెదురుగా వచ్చి ఢీకొనడాన్ని షాక్ అనేవాళ్లు. కరెంటు షాకు 18వ శతాబ్దపు సంగతి. మనకు మాత్రం షాకంటే ముందు గుర్తొచ్చేది కరెంటే.

#20 సిరిసిరి

ఎవరూ ఎత్తలేదు గానీ బాంబ్‌షెల్ అంటే అందగత్తె అని కూడా కదా? ‘బ్లాండ్ బాంబ్‌షెల్’ని ఒకచోట ‘రాగి జుట్టు బాంబు’ అని తర్జుమా చేశారు.

#21 వ్యుత్పత్తి

జుట్టు రంగు కూడా తప్పే, బ్లాండ్ అంటే పసుపు పచ్చ జుట్టు.

ఆ అర్థం 1930ల్లో హాలీవుడ్‌లో ఊపందుకుంది. 1933లో జీన్ హార్లో నటించిన సినిమా పేరే ‘బాంబ్‌షెల్’. బ్రిటన్‌లో దాన్ని ‘బ్లాండ్ బాంబ్‌షెల్’ పేరుతో విడుదల చేశారు, లేకపోతే యుద్ధం సినిమా అనుకుంటారని. చూడండి, 1933 నాటికి కూడా ఆ మాట వినగానే గుండు గుర్తొచ్చేవాళ్లు ఉన్నారన్నమాట. తర్వాత కార్మెన్ మిరాండాను ‘బ్రెజిలియన్ బాంబ్‌షెల్’ అన్నారు. ఈ అర్థంలో ఇప్పుడు పాతబడింది, కొందరికి నచ్చదు కూడా. అనువాదంలో ‘బాంబు’ పెట్టక్కర్లేదు, మనిషి ఎలా ఉందో చెబితే సరిపోతుంది.

#22 సిరిసిరి

కానీ తెలుగులో కూడా ఇలాగే జరిగింది కదండీ. ‘పిడుగు’ అంటే ఒకపక్క గుండె ఆగే కబురు. ఇంకోపక్క ‘వాడు పిడుగు’, ‘చిచ్చరపిడుగు’ అంటే చురుకైన పిల్లాడు. మెచ్చుకోలే. మీదపడితే తట్టుకోలేని వస్తువు పేరు ఒక దారిన వార్తకూ ఇంకో దారిన మనిషికీ వెళ్లింది. ఇంగ్లీషువాళ్లు అందానికి పెట్టారు, మనం అల్లరికి పెట్టాం.

#23 వ్యుత్పత్తి

ఇది నాకు తట్టలేదు. చాలా బాగా పట్టారు.

దీనికి తోడు ఒకటి. ఇంగ్లీషులో కూడా అడుగున పిడుగే ఉంది. ఆశ్చర్యపరచడానికి వాళ్లు వాడే ‘అస్టానిష్’ మాటకు మూలం లాటిన్‌లో ఉరుము. ‘స్టన్’ కూడా అక్కడిదే. ఉరుము దెబ్బ తిన్నట్టు చేయడమని అసలర్థం. మందుగుండు రాకముందు ఆకాశం నుంచి అనుకోకుండా పడి ముక్కలు చేసేది పిడుగొక్కటే. ఆ తర్వాత గోడ మీదుగా వచ్చి పడే ఇనుప గుండు చేరింది. ఇంగ్లీషువాళ్లు కొత్తదానికి మారిపోయారు, మనం రెండూ ఉంచుకున్నాం. ఉంచుకున్నాం కాబట్టే మనకు ఎంచుకునే పని పడింది: ఎవరూ వేయనిది పిడుగు, ఎవరో వేసింది బాంబు.

#24 డెస్కుచీటీ

ఈ సూత్రం డెస్కులో గోడకు అంటించుకోవచ్చు. కానీ ఒక చిక్కుంది. కాగితం బయటపడి, ఎవరు బయటపెట్టారో తెలియనప్పుడు? వేసినవాడు ఉన్నాడు, కనబడడు. లీకులన్నీ ఇలాంటివే.

#25 మందుగుండు

మోర్టారు కోట గోడకు కనబడదండీ, మట్టికట్ట వెనకాల ఉంటుంది. గుండు ఏ వైపు నుంచి వచ్చిందో ఫ్యూజు నిప్పుల గీతను బట్టి రాత్రిపూట చెప్పేవాళ్లు. కాబట్టి వేసినవాడు కనబడకపోయినా అది బాంబే.

#26 డెస్కుచీటీ

సరే, అయితే ‘లీకు బాంబు’. కర్త లేకుండా, కొటేషన్ గుర్తులతో. ‘పేల్చారు’ కాకుండా ‘పేలింది’.

#27 పదపేటిక

‘పేలింది’ అంటే మళ్లీ 1860 వాక్యానికే వచ్చాం.

#28 గోదారిగట్టు

మరి నోరు విప్పి చెప్పినవాడే గట్టిగా కాకుండా, టీ తాగుతూ మెల్లగా చెబితే? బటర్‌ఫీల్డ్ లాగా?

#29 సిరిసిరి

దానికి తెలుగు ఎప్పట్నుంచో ఉంది: చావు కబురు చల్లగా చెప్పడం.